పెరటి మాంసపు కోళ్లలో సంకరం: తొలి తరం లాభం, మలితరం నష్టం

నాటుకోడి మాంసానికి గిరాకీ ఉన్నప్పటికీ దాని ఎదుగుదల నిదానం. బ్రాయిలర్ త్వరగా ఎదిగినా ఆరుబయట మేత వెతుక్కొని జీవించే పద్ధతికి తగదు. ఎదుగుదల వేగం వల్ల కాళ్ల బలహీనత, జలోదరం వంటి సమస్యలు దానిలో అధికం. మేలుజాతి పుంజును నాటు పెట్టలతో సంకరపరచడం ఈ రెండింటికీ మధ్యేమార్గం. అయితే ఈ ప్రయోజనం ప్రధానంగా తొలి తరానికే చెందుతుంది. ఈ విషయాన్ని విస్మరిస్తే మంద మొత్తం క్షీణిస్తుంది.

సంకర తేజం

పిల్లల మనుగడ, గుడ్లు పొదగబడే శాతం వంటి అనువంశికత తక్కువగా గల లక్షణాలలో సంకర తేజం ఎక్కువగా, శరీర బరువులో తక్కువగా వ్యక్తమవుతుంది. కావున పిల్లల బరువు ముఖ్యంగా ఎంపిక చేసిన పుంజు బరువుపై ఆధారపడుతుంది. తొలి తరం కోళ్లను తమలో తామే జతపరిస్తే సంకర తేజం సగానికి తగ్గుతుంది. పిల్లల బరువులో, రంగులో ఏకరూపత లోపిస్తుంది. తోబుట్టువులు లేదా తండ్రీకూతుళ్ల వరుస గల కోళ్లు జతకట్టినప్పుడు అంతఃప్రజనన గుణకం 25 శాతానికి చేరుతుంది.

హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కూడా సంకర రకమే. ఆ కోళ్లను ఇంటి వద్ద జతపరచి తీసిన పిల్లలలో అదే నాణ్యతను ఆశించరాదు.

మరొక నష్టం పొదుగు గుణానికి సంబంధించినది. ఇంక్యుబేటరు లేని ఇంటిలో పొదుగుకు కూర్చొనే నాటు పెట్టయే పిల్లల ఉత్పత్తికి ఆధారం. మేలుజాతి రక్తం తరతరానికీ పెరిగే కొద్దీ ఈ గుణం సన్నగిల్లుతుంది.

ఆచరణ విధానం

నాటు పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలుగా గుడ్లు పెడుతుంది. వీటిలో ఒక విడతను మందలోని పెట్టల భర్తీకి కేటాయించి, వేరే గ్రామం నుండి తెచ్చిన నాటు పుంజును వాడాలి. మిగిలిన విడతలకు మేలుజాతి పుంజును వాడి మాంసపు పిల్లలను తీయవచ్చు.

1. 8 నుండి 10 పెట్టలకు ఒక పుంజు చాలును. బలమైన కాళ్లు, తిన్నని వేళ్లు గల చురుకైన పుంజును ఎన్నుకోవాలి.

2. పెట్ట శరీరంలో వీర్యకణాలు రెండు మూడు వారాల వరకు నిలువ ఉంటాయి. కావున పుంజును మార్చిన తరువాత 3 వారాల పాటు పెట్టిన గుడ్లను పొదిగించరాదు.

3. పొరుగింటి పుంజులు కలవకుండా ఈ కాలంలోనూ, గుడ్ల సేకరణ కాలంలోనూ పెట్టలను ఆవరణలోనే ఉంచాలి.

4. చల్లని చోట ఉంచిన, వారం రోజులు మించని గుడ్లనే పొదుగుకు వాడాలి. పొదుగు కాలం 21 రోజులు.

5. సంకర పిల్లలకు రోగాలు సోకవని భావించరాదు. రాణీఖేత్ నివారణకు తొలి వారంలో లసోటా టీకా చుక్కలు, 8వ వారంలో ఆర్2బి టీకా వేయించాలి.

6. సంకర పుంజులన్నింటినీ మాంసానికే వినియోగించాలి. ఎంత పెద్దదైనా ఒక్క సంకర పుంజును కూడా విత్తనపు పుంజుగా నిలపరాదు.

విస్తరణ సిబ్బందికి సూచన

చూపులకు ఇంపైన సంకర పుంజును అమ్మక మందలోనే ఉంచుకోవడం రైతులలో సహజం. నష్టం అక్కడే మొదలవుతుంది. మేలుజాతి పుంజులను పంపిణీ చేసే ముందు, రాబోయే ఏడాదికి నాటు పెట్టలు ఎక్కడి నుండి వస్తాయో ప్రతి రైతుతో చర్చించి నిర్ణయించాలి. తల్లి మంద శుద్ధంగా నిలిచినంత కాలమే సంకరం వలన ఆదాయం నిలుస్తుంది.