స్టూడియో హెడ్‌ఫోనులు: గృహశ్రవణానికి వాటి ఎంపిక

ధ్వనిముద్రణ మందిరంలో వాడుటకై నిర్మించిన హెడ్‌ఫోనును, బజారులో లభించు సాధారణ హెడ్‌ఫోనును ఒకే గాటన కట్టరాదు. మొదటిది పరీక్షకుని పనిముట్టు. గాయకుని ఊపిరి, తీగపై వ్రేలి రాపిడి, టేపుపై మిగిలిన బుసబుస మున్నగువానిని దాచక వినిపించుట దాని ధర్మం. రెండవది తరచుగా మంద్రస్థాయిని పెంచి వినువారిని మెప్పించజూస్తుంది. నేడు మన విద్యార్థులలో పలువురు మొదటి రకంపై మక్కువ చూపుతున్నారు. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము వెచ్చించవలసిన వస్తువు కనుక కొంత విచారణ అవసరం.

ఈ హెడ్‌ఫోనులు ముఖ్యంగా రెండు విధాలు. చెవిని కప్పు గిన్నె వెనుకభాగం మూసి ఉండునది ఒకటి. గాయకుడు వింటున్న వాద్యధ్వని తిరిగి మైకులో పడకుండుటకు దీనిని వాడుతారు. వెనుకభాగం జల్లెడవలె తెరచి ఉండునది మరొకటి. జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ 1968లో వెలువరించిన హెచ్‌డీ 414 ఈ కోవకు ఆద్యం. తెరచిన దానిలో ధ్వని విశాలంగా, సహజంగా తోస్తుంది. కాని మన పాట పక్కవానికీ వినబడుతుంది, వీధిలోని ఆటో మోత మనకూ వినబడుతుంది. నలుగురు చదువుకొను హాస్టలు గదికి మూసినదే తగును.

పిదప చూడవలసినది విద్యుదవరోధం. బేయర్‌డైనమిక్ వారి డీటీ 770 ప్రో అను ఒకే నమూనాను 32, 80, 250 ఓములతో విక్రయించారు. 1991 నాటి సోనీ ఎండీఆర్ 7506కు 63 ఓములు. 1997 నాటి సెన్‌హైజర్ హెచ్‌డీ 600కు 300 ఓములు. అంకె పెద్దదైనచో నాణ్యత హెచ్చు అనుట అపోహ. అవరోధం పెరిగిన కొలది సాధారణంగా హెచ్చు వోల్టేజి కావలెను. దానిని చిన్న సెల్‌ఫోను ఇవ్వలేకపోవచ్చును. అప్పుడు ఆంప్లిఫయరు ఖర్చు అదనం. ఆ స్తోమత లేనివారు 80 ఓములకు లోబడినవానిని చూచుకొనుట మేలు.

ఇక అందరూ అడుగు ప్రశ్న, కొత్తదానిని "మరిగించుట". నూరు గంటలో, రెండు నూర్ల గంటలో ఏకధాటిగా మ్రోగించినగాని అసలు స్వరం పలకదని కొందరి వాదం. లోపలి కంపనపటలం పలుచని ప్లాస్టిక్ పొర. వాడుకతో అది కొంత సడలుననుట అసంభవం కాదు. అయితే యంత్రాలతో కొలిచి చూచినప్పుడు కనబడిన మార్పు స్వల్పం. హెడ్‌ఫోనును తీసి మరల పెట్టుకొన్నప్పుడు, అది రవ్వంత పక్కకు జరిగినందువలన కలుగు భేదమే అంతకు మించినది. నిజంగా మారునవి రెండు. దిండ్లలోని స్పాంజి మెత్తబడి చెవికి చక్కగా అమరుతుంది, దానితో మంద్రస్వరం మారుతుంది. రెండవది మన శ్రవణేంద్రియం. హంగుల ధ్వనికి మరగిన చెవికి నిరాడంబర ధ్వని మొదట చప్పగా తోస్తుంది. వారం పది దినాలలో అలవాటవుతుంది.

ఈ వాదంలో అసలు ప్రమాదం వేరొకటి కలదు. నచ్చని వస్తువును వాపసు చేయుటకు దుకాణాలు ఇచ్చు గడువు సాధారణంగా కొద్ది దినాలే. "ఇంకా మరగలేదు" అని వేచియుండగా గడువు దాటిపోతుంది, సొమ్ము చిక్కుకొంటుంది. కనుక మొదటి రెండు మూడు దినాలలోనే శ్రద్ధగా విని నిర్ణయించుకొనవలెను. చెవి నొచ్చినను, తల బిగిసినను మొహమాటం లేక తిప్పి పంపవలెను. బిగువు కొద్దిపాటిదైతే, ఒక పుస్తకాల దొంతరకు రాత్రంతా తొడిగి ఉంచిన కొంత సడలుతుంది. కళ్లద్దాల కాడలు గాని, చెవిపై దళసరి తలగుడ్డ గాని దిండుకు అడ్డుపడిన మంద్రస్వరం జారిపోతుంది. అట్టివారు తమ వేషంలోనే పరీక్షించవలెను.

పరీక్షకు బాగా ఎరిగిన పాటలనే ఎన్నుకొనవలెను. ఘంటసాల పద్యమో, బేగం అఖ్తర్ గజలో కావచ్చును (వారిరువురూ 1974లోనే కన్నుమూశారు). అట్టి పాత మోనో ముద్రణలలో స్వరం తల నడుమనే నిలుస్తుంది, వెనుక బుసబుస వినబడుతుంది. అది ముద్రణ స్వభావం, యంత్రదోషం కాదు. రెండింటిని పోల్చునప్పుడు ధ్వనితీవ్రతను సమానం చేయవలెను. బిగ్గరగా మ్రోగునదే మేలైనదిగా భ్రమింపజేస్తుంది.

ఆ తీవ్రతకును ఒక హద్దు కలదు. 80 డెసిబెల్లయితే వారానికి 40 గంటలు, 90 డెసిబెల్లయితే 4 గంటలు మాత్రమే వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దెబ్బతిన్న లోచెవి కణాలు మనిషిలో తిరిగి మొలకెత్తవు. మూసిన రకం బయటి రొదను కొంత ఆపుతుంది కనుక తక్కువ ధ్వనితోనే పాట స్పష్టంగా వినబడుతుంది. రోడ్డు పక్క గదులలో ఉండు విద్యార్థులకు నేను దానినే సూచించుటకు ఇదియే ముఖ్యకారణం.