ఏసీ పడదా, ఏసీలో చెమ్మ పడదా?

ఎండలు ముదిరినప్పటినుండి పిల్లల ఓ.పి.లో తల్లులు తరచుగా అనే మాట ఒకటుంది. "సిస్టర్ గారూ, మా బాబుకి ఏసీ పడదండీ. వేస్తే చాలు, ముక్కు దిబ్బడ, దగ్గు." చల్లగాలికి జలుబు చేస్తుందని చిన్నప్పటినుండి విన్నవాళ్ళమే కనుక పక్కన కూర్చున్నవారు కూడా అవునవునంటారు. నేను మాత్రం ఒక ప్రశ్న అడుగుతాను. "ఫిల్టరు ఎప్పుడు కడిగారమ్మా?" ఎక్కువసార్లు వచ్చే జవాబు "మెకానిక్ వచ్చినప్పుడు చేస్తాడండీ" అని. మెకానిక్ ఎప్పుడొచ్చాడంటే, నిరుడు మార్చిలో!

జలుబు చేసేది వైరస్ వల్ల. చల్లదనం దానికదే జలుబు తేదు. ఉబ్బసం ఉన్న కొందరికి మాత్రం చల్లటి గాలి నేరుగా ముఖానికి కొడితే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. అది నిజమే. కానీ మన సముద్రతీరపు ఊళ్ళలో ఏసీ గదిలో పడుకున్నవారికి వచ్చే తుమ్ములు, రాత్రి దగ్గు, పిల్లికూతలు చాలావరకు చల్లదనం వల్ల కాదు, ఆ పెట్టెలో పేరుకున్న దుమ్ము, చెమ్మ, బూజు వల్ల. కనుక ఈ నెల పాఠం ఏసీ వాడాలా వద్దా అని కాదు. దాన్ని ఇంట్లో ఎలా ఉంచుకోవాలి అని.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఏసీ రెండు పనులు చేస్తుంది. గాలిని చల్లబరుస్తుంది, గాలిలోని నీటిని పిండుతుంది. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు మొదటి ఆధునిక ఎయిర్ కండిషనర్‌ను తయారుచేసింది మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కార్యాలయంలో తేమకు కాగితాలు సాగి రంగులు సరిగా పడకపోతుంటే, ఆ తేమను అదుపు చేయడానికి తయారుచేశాడు. చల్లదనం దాని వెంట వచ్చింది. మనకు కూడా అంతే. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు గాలిలో తేమ 70 శాతం దాటే రోజులు తరచుగా ఉంటాయి. చెమట పడుతుంది, ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. లోపలి రాయలసీమలో ఎండ మన కంటే ఎక్కువ ఉన్నా ఇక్కడి ఉక్కపోత ముసలివారిని, గుండె జబ్బువారిని ఎక్కువ బాధపెట్టడానికి కారణం ఇదే. అటువంటివారికి రోహిణి కార్తెలో ఏసీ గది విలాసం కాదు. కొన్ని రోజులు అది మందుతో సమానం.

ఇంకో మాట. నీళ్ళు పోసుకునే ఎయిర్ కూలర్ పొడి ప్రాంతాలకు బాగుంటుంది. మన దగ్గర అది గదిలో తేమను ఇంకా పెంచుతుంది. మూసిన గదిలో కూలర్ పెట్టి ఉక్కగా ఉందంటే ఆశ్చర్యమేముంది!

ఆ నీరు ఎక్కడికి పోతుంది?

ఏసీ లోపల చల్లటి కాయిల్ ఉంటుంది. ఐసు నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు బయట చెమట పట్టినట్లు గాలిలోని తేమ ఆ కాయిల్ మీద నీరుగా మారి, కింద ఉన్న ట్రేలోకి జారి, డ్రైన్ పైపు గుండా బయటకు పోతుంది. మన తీరంలో ఉక్కపోత రోజుల్లో 1.5 టన్నుల ఏసీ రాత్రంతా నడిస్తే ఒక బకెట్ నిండవచ్చు. అంటే ఆ పెట్టె లోపల ప్రతి రాత్రీ తడే. దానికి దుమ్ము తోడైతే ఏమవుతుందో ఆవకాయ పెట్టే ప్రతి ఇల్లాలికీ తెలుసు. జాడీలో తడి గరిటె ఒక్కసారి పెడితే చాలు, పైన తెల్లగా బూజు లేస్తుంది. ఏసీలో లేచే బూజు మనకు కనబడదు. ముందు వాసన వస్తుంది. ఏసీ వేయగానే మొదటి రెండు నిమిషాలు తడి గుడ్డ ముక్కిన వాసన వస్తే లోపల బూజు పట్టిందని గ్రహించండి. సెంటు కొట్టడం, గదిలో కర్పూరం పెట్టడం దీనికి వైద్యం కాదు.

ఇళ్ళలోని చెమ్మ, బూజు వల్ల ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. పరుపుల్లో, దిండ్లలో బతికే కంటికి కనబడని దుమ్ము పురుగులకు కూడా తేమే ప్రాణం. గదిలో తేమ 40 నుండి 60 శాతం మధ్య ఉంటే ఈ రెండూ అదుపులో ఉంటాయి. తేమ కొలిచే చిన్న మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో ఒకటి కొనుక్కుంటే మంచిది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముఖ్యమైనది ఫిల్టరు, అది మీ చేతి పని. వాడే రోజుల్లో రెండు వారాలకు ఒకసారి కడగాలి. రోడ్డు పక్క ఇల్లయినా, ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నా వారానికి ఒకసారి. రిమోట్‌తో ఆపి ఊరుకోకుండా స్విచ్ కూడా ఆపండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారిని ఆ సమయంలో గదిలో ఉండనివ్వకండి, వారిచేత ఆ పని చేయించకండి. ముందు మూత తెరిస్తే రెండు జల్లెడల వంటివి కనబడతాయి. వాటిని కుళాయి కింద వెనుక వైపు నుండి నీరు పడేలా పట్టి కడగాలి. జిడ్డు ఉంటే కొంచెం సబ్బు నీరు చాలు. వేడి నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టాలి. పని తొందరలో తడిగానే పెట్టేవారు ఉంటారు. అది కడగకపోవడం కంటే మేలేమీ కాదు.

ఫిల్టరు వెనుక కనబడే సన్నని రేకుల జోలికి వెళ్ళకండి. అవి చేతులు కోస్తాయి. కాయిల్, లోపల తిరిగే ఫ్యాను, నీటి ట్రే మెకానిక్ చేత శుభ్రం చేయించాలి. మన ప్రాంతంలో ఏడాదికి ఒక సర్వీసింగు చాలదు. ఫిబ్రవరి చివర ఒకసారి, వానలు వెనుకబట్టాక మరొకసారి చేయించండి. పక్కన నిలబడి చూడండి. ట్రే తీసి కడిగాడా, డ్రైన్ పైపులో నీరు పోసి అవతల పడుతోందో లేదో చూశాడా అని అడగండి. అడిగితే తప్పేమీ లేదు, డబ్బు ఇచ్చేది మనమే కదా.

డ్రైన్ పైపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇబ్బందులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ఆ పైపులో నాచు, జిగురు పట్టి మూసుకుపోతే నీరు వెనక్కి తన్ని గోడ వెంట కారుతుంది. గోడ చెమ్మగిల్లుతుంది, దాని మీద నల్లటి మచ్చలు లేస్తాయి, మంచం ఆ గోడకే ఆనించి ఉంటుంది. పైపు మొదటినుండి చివరిదాకా కిందికి వాలుగా ఉండాలి, మధ్యలో వంపు తిరిగి నీరు నిలవకూడదు. పైపు కొన బకెట్ నీటిలో మునిగి ఉండకూడదు. ఆ బకెట్ కూడా ప్రమాదమే. డెంగ్యూ దోమ గుడ్డు పెట్టేది ఇటువంటి శుభ్రంగా కనబడే నిలవ నీటిలోనే. గుడ్డు నుండి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కనుక రోజూ పారబోయండి, వారానికి ఒకసారి లోపలి గోడలు రుద్ది కడగండి.

ఆ నీరు ఇల్లు తుడవడానికి పనికొస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో సమానమని కొందరు ఇన్వర్టర్ బ్యాటరీలో పోస్తారు. అది మంచిది కాదు, కాయిల్ లోహపు అణువులు, దుమ్ము అందులో ఉంటాయి. నెబ్యులైజరులో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకండి. ట్రేలోని క్రిములను నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపినట్లే.

బయట ఉండే యూనిట్‌కు మన శత్రువు ఉప్పు గాలి. అల్యూమినియం రేకులు తెల్లగా పొడిబారి రాలిపోవడం, స్టాండు తుప్పు పట్టడం బీచి దగ్గర ఇళ్ళలో చూస్తూనే ఉంటాం. కొత్తది కొనేటప్పుడు కాయిల్‌కు తుప్పు పట్టని పూత ఉందో లేదో అడగండి. నేల మీద నిలబడి అందే ఎత్తులో ఉంటే, కరెంటు పూర్తిగా ఆపి, నెలకు ఒకసారి మంచినీటిని మెల్లగా పోసి ఉప్పు కడగవచ్చు. బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్ళలో ఆ నీటితో కడగకండి! యాసిడ్‌తో కడుగుతామనే మెకానిక్‌ను వద్దనండి. మేడ మీద పిట్టగోడ అవతల ఉన్న యూనిట్ కోసం మీరు మాత్రం ఎక్కవద్దు. అక్కడినుండి పడి వెన్ను విరిగితే ఆ కుటుంబం ఏళ్ళ తరబడి కోలుకోలేదు.

"ఏటా గ్యాస్ నింపించాలండి" అంటారు. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ రంధ్రం వెతికి మూసి తరువాతే నింపాలి. ఈ మధ్య వచ్చే ఏసీలలో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు కొంతవరకు మండే గుణం ఉంది. కనుక పని తెలిసినవారి చేతనే చేయించండి, ఆ సమయంలో గదిలో బీడీ, అగరువత్తి, దీపం ఉండకూడదు.

వాడకం గురించి నాలుగు మాటలు. 2020 జనవరి నుండి మన దేశంలో అమ్మే స్టార్ గుర్తు ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నియమం పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని లెక్క. 26లో ఉంచి పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పితే పెద్దలకు హాయిగా ఉంటుంది. 18లో పెట్టి దుప్పటి ముసుగు తన్నడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పసిబిడ్డ ఉన్న గదిలో 26కు తగ్గించకండి, గాలి బిడ్డ మీద నేరుగా పడకుండా రెక్కలను పైకి తిప్పండి. చినుకులు పడే రోజుల్లో వేడి లేకపోయినా ఉక్కగా ఉంటే, రిమోట్‌లో నీటి చుక్క బొమ్మ ఉన్న డ్రై మోడ్ వేయండి. అది చల్లబరచడం తగ్గించి తేమ తీయడం మీద పని చేస్తుంది. పొద్దున్న ఆపే ముందు ఇరవై నిమిషాలు ఫ్యాను మోడ్‌లో ఉంచి కిటికీలు తెరవండి. కాయిల్ ఆరుతుంది, గదిలోకి కొత్త గాలి వస్తుంది. స్ప్లిట్ ఏసీలు చాలావరకు బయటి గాలిని లోపలికి తేవు, ఉన్న గాలినే తిప్పుతాయి. ఒకరికి ఫ్లూ వస్తే ఇంటిల్లిపాదికీ అంటుకోవడానికి అది చాలు. ఆ గదిలో తడి బట్టలు ఆరవేయకండి, తలుపు వేసి దోమల కాయిల్ వెలిగించి పడుకోకండి.

కొనేటప్పుడు పెద్దదైతే మంచిదనుకోకండి. 120 చదరపు అడుగుల గదికి సాధారణంగా ఒక టన్ను సరిపోతుంది. మరీ పెద్దది పెడితే గది త్వరగా చల్లబడి మిషను ఆగిపోతుంది, తేమ మాత్రం అలాగే ఉండిపోతుంది. చల్లగానే ఉంటుంది కానీ పక్క తడితడిగా ఉంటుంది.

డాక్టరు గారికి తప్పక చెప్పవలసిన గుర్తు ఒకటుంది. ఏసీ గదిలో గడిపిన కొన్ని గంటలకు జ్వరం, పొడి దగ్గు, ఆయాసం రావడం, సెలవులకు వేరే ఊరు వెళ్తే తగ్గిపోవడం, ఇంటికి రాగానే మళ్ళీ మొదలు కావడం. బూజు వల్ల ఊపిరితిత్తులు వాచే జబ్బు ఒకటి ఇలాగే ఉంటుంది, చాలా రోజులు మామూలు జలుబు కిందే పోతుంది. ఊరు మారితే తగ్గిందన్న మాట మీరు చెప్తే తప్ప ఎక్స్‌రేలో కనబడదు. ఇక ఎండ రోజుల్లో ఇంట్లో ఏసీ పాడై, పెద్దవారు ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే మెకానిక్ కోసం ఎదురుచూడకండి. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి. తెలివి లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏసీకి వెళ్ళే మెయిన్ స్విచ్ ఆపండి. గాలివాన తగ్గాక బయటి యూనిట్ నీట మునిగి ఉన్నా, స్టాండు కదిలి ఉన్నా, వైరు తెగి ఉన్నా, ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగు చూసి సరే అనేవరకు దాన్ని వేయవద్దు, తడి చేత్తో తాకవద్దు. ఆ రెండు మూడు రోజులు తాటాకు విసనకర్రే నయం.