క్వార్టర్ వెనక పాత బండి

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వెనక ఒకసారి నడిచి చూడండి. జామచెట్టు కిందో, వరండా మూలనో గోనెసంచి కప్పుకున్న పాత మోటార్ సైకిల్ ఒకటి కనిపిస్తుంది. మా ఇంట్లోనూ ఉంది. నాన్నగారు విశాఖపట్నంలో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండులో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100. 1996లోనే తయారీ ఆగిపోయిన బండి. ఈసారి బదిలీ ఆర్డరు వస్తే దాన్ని వెంట తీసుకెళ్ళాలా, పాత ఇనుము వాడికి కాటా వేసి ఇచ్చెయ్యాలా అన్నది తేలలేదు. షోరూము ఖర్చు పెట్టే స్తోమత లేదు. అందుకని మేమే విప్పాం, వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉన్న మన వర్క్‌షాపులో కోచ్‌లకీ, వ్యాగన్లకీ పీఓహెచ్ చేస్తారని మనకు తెలుసు. నిర్ణీత కాలానికి అంతా విప్పి, కొలిచి, అరిగినది మార్చి మళ్ళీ బిగిస్తారు. ఇంట్లో తక్కువ డబ్బుతో బండిని సిద్ధం చేసుకోవడమూ అంతే. "విప్పేముందు ఫోటో తియ్యండర్రా, విప్పాక నట్లన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి" అన్నాడు మావయ్య. రంగు గురించి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మొదటి డబ్బు బ్రేకులకీ, టైర్లకీ, కేబుళ్ళకీ. మిగిలితే రంగు.

ఇంజను దగ్గర మా పదో తరగతి స్తూపం లెక్క పనికొచ్చింది. ఈ బండి సిలిండరు వ్యాసం 50 మి.మీ., పిస్టన్ కదిలే దూరమూ 50 మి.మీ. ఘనపరిమాణం కట్టి చూస్తే 98 సీసీ వస్తుంది. సిలిండరు లోపల అరిగితే లేతు మీద కాస్త వెడల్పు చేసి, పెద్ద పిస్టన్ వేస్తారు. వ్యాసం అర మిల్లీమీటరు పెరిగితే ఇంజను 100 సీసీ అవుతుంది. కొత్త ఇంజను అక్కర్లేదు.

ఇలాంటి పనిని ఎంత దూరం తీసుకెళ్ళవచ్చో న్యూజీలాండ్‌కు చెందిన బర్ట్ మన్రో చూపించాడు. 1920లో ఆయన కొన్న బండి పేరు ఇండియన్ స్కౌట్. మన దేశానిది కాదు, అమెరికా కంపెనీ పేరే ఇండియన్. కొన్నప్పుడు అది 600 సీసీ. పగలు బండ్లు అమ్మే ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని. పాత డబ్బాల్లో లోహం పోసి పిస్టన్లు తయారు చేశాడు, పాత ట్రాక్టరు ఇరుసు నుంచి కనెక్టింగ్ రాడ్లు చెక్కాడు. 1967లో, 68 ఏళ్ళ వయసులో, ఆ 47 ఏళ్ళ బండి మీదే అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో 1000 సీసీ లోపు తరగతిలో రికార్డు నెలకొల్పాడు. వేగం గంటకు 295 కి.మీ. పైనే. ఆయన 1978లో పోయాడు. ఆనాటి లెక్కలో పొరపాటు ఉందని తర్వాత ఆయన కొడుకు గమనిస్తే, 2014లో ఆ అంకెను 296 దాటించి సరిదిద్దారు. లెక్కల పరీక్షలో మార్కులు పోయినవాళ్ళకి ఇది కొంత ఊరట!

అయితే మన్రో నడిపింది పోటీ మైదానంలో. మన వీధిలో అలా కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటే గట్టిగా చెప్పింది. ఛాసిస్ కోసి పొడుగు చెయ్యడం, వేరే బండి ఇంజను పెట్టడం మానుకోవాలి. నిజానికి మాకు అదే సరదాగా అనిపించింది. మావయ్య ఒప్పుకోలేదు. గేరున్న బండికి లైసెన్సు 18 ఏళ్ళకి గానీ రాదు కాబట్టి, నడిపి చూసే పని నాన్నగారిదే.

బదిలీల ఇళ్ళకి ఇంకో చిక్కుంది. మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ కావాలి. 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరుకైతే ఈ తిరుగుడు లేదు, అది ఉద్దేశించిందే మనలాంటి కుటుంబాల కోసం. మా బండిది ఇంకా ఆంధ్రా నంబరే. మొన్న ఆదివారం అట్టపెట్టెలన్నీ దింపి ఆర్‌సీ వెతికాం. ఫోర్కు సామానుకన్నా ముందు కొనవలసింది ఆ కాగితమేమో అనిపించింది, చివరికి పాత ట్రంకు పెట్టెలో దొరికింది.

రైలు పార్సిల్లో బండి పంపాలంటే ఆర్‌సీ నకలు ఇవ్వాలి, ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసెయ్యాలి. మా ట్యాంకు ఎలాగూ ఖాళీయే. కార్బ్యురేటరు ఇంకా వార్తాపత్రిక మీద ముక్కలుగా ఉంది.