తిరుగు రైలు వేళ ముందు రాసుకోండి

సిడ్నీకి దక్షిణాన ఉన్న రాయల్ నేషనల్ పార్కులో బండీనా నుంచి ఆట్‌ఫర్డ్ దాకా సముద్రాన్ని ఆనుకుని ఓ కాలిబాట ఉంది. పేరు కోస్ట్ ట్రాక్, పొడవు దాదాపు 26 కిలోమీటర్లు. తీరిగ్గా నడిచేవాళ్లు నార్త్ ఎరా దగ్గర గుడారం వేసుకుని రెండు రోజుల్లో ముగిస్తారు. ఒక్క రోజులో పూర్తి చేసేద్దామనే ఉత్సాహవంతులు సిడ్నీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ తక్కువేం లేరు. మంచిదే. 1879 నుంచి ఉన్న పార్కును పక్కన పెట్టుకుని వారాంతాలన్నీ షాపింగ్ మాల్‌లో గడిపేయడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

అయితే ఆ గ్రూపుల్లో మొదట తేలేది ఏమిటో గమనించండి. పులిహోర ఎవరు తేవాలి, టీషర్టు ఏ రంగు, ఎక్కడ కలుద్దాం. అన్నీ బయలుదేరడం గురించే. ప్లాను చివరి నుంచి మొదలవ్వాలి. మీ మాట వినని వాటి జాబితా ముందు రాయండి: సూర్యాస్తమయం, ఆటుపోట్లు, క్రనల్లా నుంచి బండీనాకు వెళ్లే పడవ, ఆట్‌ఫర్డ్‌లో తిరుగు రైలు. మీ ఇష్టంతో కదిలేవన్నీ వీటి మధ్య ఖాళీల్లో సర్దుకోవాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నేస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రం ప్రకారం 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. అంటే చదునుగా ఉన్నా 26 కిలోమీటర్లకు ఐదు గంటలు దాటుతుంది. ఈ దారేమో కొండెక్కి బీచిలోకి దిగి మళ్లీ కొండెక్కుతుంది. పైగా ఆ సూత్రం ఆగకుండా నడిచే గట్టివాళ్లది. ఇసుకలో దిగబడే పాదాలు, భోజనం, ఫోటోలు, ‘ఒక్క నిమిషం ఆగండి’ అనే మిత్రుడు అందులో లేరు. వారమంతా కుర్చీలో కూర్చునేవాళ్లు ఎనిమిది తొమ్మిది గంటలు వేసుకోవాలి. జూన్‌లో అక్కడ సాయంత్రం ఐదు కాకుండానే సూర్యుడు అస్తమిస్తాడు. పొద్దున తొమ్మిదికి నడక మొదలుపెట్టే బృందానికి ఆ నెలలో ఇది కుదరని పని. అక్టోబరులో గడియారాలు గంట ముందుకు జరిగాక వెళ్లండి. నడి వేసవి మాత్రం వద్దు. ఎండ ఒకటి, కార్చిచ్చు భయంతో పార్కు మూసేయడం ఇంకొకటి.

అసలు పరీక్ష ఇక్కడ. దారి మధ్యలో వాటమోలా, గారీ బీచి దగ్గర కారు రోడ్లు పార్కులోకి వస్తాయి. గారీ దాటాక బర్నింగ్ పామ్స్, పామ్ జంగిల్ మీదుగా ఆట్‌ఫర్డ్ వైపు ఎక్కుడు. కాళ్లు అలిసిపోయాకే ఆ ఎక్కుడు వస్తుంది. కాబట్టి ‘ఎనిమిదికి మొదలుపెడతాం, గారీకి ఒంటిగంటకు చేరకపోతే అక్కడే ఆపేస్తాం’ అని ఇంట్లో ఉండగానే తీర్మానించండి. గారీకి కారు తెచ్చే స్నేహితుణ్ణి కూడా ముందే ఒప్పించుకోండి. దారిలో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు.

ఇంట్లోనే ఎందుకంటే, అక్కడికి చేరాక నిర్ణయం తీసుకునేది మీ బుద్ధి కాదు, ‘ఇంత దూరం వచ్చాక వెనక్కా?’ అనే పట్టుదల. నష్టాల వ్యాపారంలో మళ్లీ మళ్లీ డబ్బు పోసేదీ ఈ పట్టుదలే. ఆగే గంటను చల్లని బుర్రతో ముందే రాసుకున్నవాడు ఆ క్షణంలో ఎవరితోనూ వాదించనక్కర్లేదు, తనతో కూడా. వెనక్కి తిరగడాన్ని ఓటమిగా లెక్కేసే మనిషిని నేనైతే ఇలాంటి బృందానికి నాయకుణ్ణి చేయను. నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు నడిపించి, తాను వెనక నడవగలిగినవాడే తగినవాడు.

‘వద్దు’ అనడం కూడా ప్లానులో భాగమే. మొదట్లోనే తగిలే వెడ్డింగ్ కేక్ రాక్ తెల్లగా మెరిసే ఇసుకరాతి బండ. విరిగిపడే ప్రమాదం ఉందని తేలి దాని చుట్టూ కంచె వేశారు. ఫోటో కోసం కంచె దాటే వీరులు ఉంటారు, వాళ్లను చూసి ఉడుక్కోకండి. చివర్లో ఊరించే ఫిగర్ ఎయిట్ పూల్స్‌కు అయితే పోటు తగ్గి, అలలూ చిన్నగా ఉన్నప్పుడే వెళ్లాలి. అక్కడ అలల తాకిడికి రాళ్ల మీద పడి దెబ్బలు తిన్నవాళ్లు ఎందరో. ఎంత ప్రమాదమో పార్కు శాఖ ముందుగానే ప్రకటిస్తుంది. 26 కిలోమీటర్లు నడిచే రోజున దాన్ని జాబితాలోంచి కొట్టేయండి, దానికి వేరే రోజు పెట్టుకోవచ్చు.

ఇక సామాన్లు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, అప్పటికే నడిచి అలవాటైన బూట్లు, తల లైటు, టోపీ. పులిహోర సరే, ఉప్పూ కారం తగ్గించి చేయించండి.

వెళ్లే ముందు రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. ఏ దారిన వెళ్తున్నారు, ఎన్నింటికి ఆట్‌ఫర్డ్‌లో రైలెక్కుతారు, ఎన్నింటిదాకా కబురు రాకపోతే 000కు ఫోన్ చేయాలి అన్నది ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో రాసి పంపండి. పార్కు శాఖ వెబ్‌సైట్లో ఇందుకోసమే ఓ ఫారం ఉంది, నింపడానికి ఎంతోసేపు పట్టదు. అది నింపాకే పడవ వేళ చూడండి.