కొత్త ఫోను వాయిదాలపై కొనవచ్చునా?

భిలాయి సెక్టర్ 4 నుండి శ్రీకాకుళంలోని ఇంటికి సొమ్ము పంపడమే మీ అవసరమైతే కొత్త నమూనా ఫోను అక్కరలేదు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యు.పి.ఐ. 123పే ద్వారా బటన్ల ఫోనుతోనూ పంపవచ్చును. అయితే పాత స్మార్ట్‌ఫోనుకు తయారీ సంస్థ భద్రతా సవరణలు ఆపివేసినట్లయితే, దానిపై బ్యాంకు లావాదేవీలు జరపడం క్షేమం కాదు. అట్టి ఫోను మార్చవలసినదే.

ఇక వాయిదాల సంగతి. రూ. 12,000 అప్పుపై "12 శాతమే" అని చెప్పి, ఏడాది వడ్డీ రూ. 1,440 ముందే కలిపి, నెలకు రూ. 1,120 చొప్పున 12 వాయిదాలు కట్టమంటారు. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం తగ్గదు. కావున అసలైన వడ్డీ 21 శాతం దాటుతుంది! డీలర్లు ఈ లెక్కను కాగితంపై వ్రాసి చూపడం న్యాయం.

పాత ఫోను మార్పిడికి ఇచ్చేముందు అందులోని బ్యాంకు యాప్‌లను, సమాచారాన్ని పూర్తిగా తొలగించండి.