పీసీ ఆగి ఆగి నడుస్తోందా? పార్ట్స్ కొనే ముందు ఇవి చెక్ చేయండి

అసలు ఆన్ అవ్వని కంప్యూటర్ కంటే, అప్పుడప్పుడు ఆగిపోయే కంప్యూటర్‌తోనే తలనొప్పి ఎక్కువ. ఇంట్లో రోజుకు పదిసార్లు హ్యాంగ్ అవుతుంది. షాప్‌కి తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా పనిచేస్తుంది. అక్కడ కనిపించని ప్రాబ్లమ్‌కి వాళ్లు ఊహించి ఏదో ఒక పార్ట్ పేరు చెప్తారు, మనం డబ్బులు పెడతాం.

ఈ మధ్య మా తమ్ముడి పీసీకి ఇదే పరిస్థితి వచ్చింది. రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, విండోస్ 11 ఉన్న ఎస్‌ఎస్‌డీ, డేటా కోసం పాత 1 టీబీ హార్డ్ డిస్క్. ఉన్నట్టుండి అరనిమిషం ఆగేది, తర్వాత ఏమీ జరగనట్టు నడిచేది. మదర్‌బోర్డ్ మార్చాలి, ఎనిమిది వేలవుతుంది అని షాప్‌లో చెప్పారు. వాడి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మొత్తం ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉంది, రివ్యూకి తొమ్మిది రోజులే టైమ్. ఆ పీసీని నేను ఏ వరుసలో చెక్ చేశానో అదే వరుసలో ఇక్కడ చెప్తున్నాను.

1. ముందు బ్యాకప్

కారణం ఇంకా తెలియదు కాబట్టి డ్రైవే పోతోందని అనుకుని మొదలుపెట్టండి. ముఖ్యమైన ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌కో, క్లౌడ్‌కో కాపీ చేయండి. డ్రైవ్ మీద అనుమానం ఉన్నప్పుడు బ్యాకప్ కాకుండా చెక్ డిస్క్ ఫుల్ స్కాన్ మొదలుపెట్టకండి. అది డ్రైవ్ మొత్తాన్ని చదువుతుంది. చివరి దశలో ఉన్న డిస్క్‌కి ఆ భారం చాలు.

2. ఎలా ఆగుతోందో గమనించండి

పీసీ ఆగినప్పుడు ఏది ఆగింది, ఏది కదులుతోంది అన్నదే అసలైన క్లూ.

• మౌస్ కదులుతుంది, పాట కూడా వస్తుంటుంది, కానీ ఫోల్డర్లు, యాప్స్ తెరుచుకోవు. కాసేపటికి అన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. స్టోరేజ్ మీద అనుమానపడండి.
• మౌస్, సౌండ్ అన్నీ ఒకటి రెండు సెకన్లు బిగుసుకుపోయి, స్పీకర్లో గర్ర్‌మని వస్తుంది. డ్రైవర్ లేదా బయోస్ వైపు చూడండి.
• గేమ్ మొదలుపెట్టిన పావుగంటకు ఎఫ్‌పీఎస్ పడిపోతుంది. ఎక్కువసార్లు ఇది వేడి వల్లే.
• పూర్తిగా ఫ్రీజ్ అయి, రీసెట్ నొక్కితే తప్ప కదలదు. ర్యామ్, పవర్ సప్లై, ఓవర్‌క్లాక్ సెట్టింగ్స్ చెక్ చేయాలి.

ఫోన్‌లో నోట్స్ తెరిచి ఆగిన టైమ్ రాసుకోండి. తర్వాతి స్టెప్‌కి అది కావాలి. తమ్ముడి పీసీలో మౌస్ కదులుతోంది, ఫోల్డర్లే తెరుచుకోవట్లేదు. అంటే మొదటి రకం.

3. టాస్క్ మేనేజర్, ఈవెంట్ వ్యూయర్

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్కులను ఒక్కొక్కటిగా చూడండి. యాక్టివ్ టైమ్ 100 శాతం చూపిస్తూ, రీడ్, రైట్ స్పీడ్ రెండూ దాదాపు సున్నా ఉంటే డిస్క్ పని చేయట్లేదు, జవాబు కోసం ఎదురుచూస్తోందని అర్థం. స్పీడ్ కూడా ఎక్కువగా ఉంటే అది మామూలు లోడ్, అప్‌డేటో యాంటీవైరస్ స్కానో నడుస్తూ ఉండొచ్చు.

ఇప్పుడు స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరవండి. అందులో వందల ఎర్రర్లు ఉంటాయి, వాటిలో చాలావరకు పట్టించుకోనక్కర్లేదు. మీరు రాసుకున్న టైమ్ దగ్గర ఏముందో అదే చూడండి. తమ్ముడి పీసీలో ఆగిన ప్రతిసారీ ఈవెంట్ 129 ఉంది. డ్రైవ్ టైమ్‌కి స్పందించకపోతే విండోస్ దానికి రీసెట్ పంపి రాసుకునే నోట్ ఇది. ఈవెంట్ 153 అంటే చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చింది. ఈవెంట్ 7 అంటే బ్యాడ్ బ్లాక్. ఈవెంట్ 41 కనిపిస్తే మాత్రం కంగారుపడకండి, పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెప్తుంది, ఎందుకో చెప్పదు.

4. డ్రైవా, కేబులా?

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత యాప్ వేసి మూడు లైన్లు చూడండి. 05 అంటే డ్రైవ్ పక్కనపెట్టిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో ఉంచినవి. ఈ రెండూ పెరుగుతుంటే డ్రైవ్ మార్చాల్సిందే. సీ7 అంటే డ్రైవ్‌కి, బోర్డ్‌కి మధ్య దారిలో పాడైన డేటా లెక్క. దీనికి ఎక్కువసార్లు సాటా కేబులే కారణం. ఈ యాప్ రా వాల్యూస్‌ని హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, ఫంక్షన్ మెనూలో డెసిమల్‌కి మార్చుకోండి.

తమ్ముడి డిస్క్‌లో 05, సీ5 రెండూ సున్నా. సీ7 మాత్రం సాయంత్రానికి 212 నుంచి 219 అయింది. పవర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కొత్త సాటా కేబుల్ వేశాను. ఖర్చు రెండొందల లోపే. సీ7 లెక్క మళ్లీ సున్నా అవ్వదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. వారం రోజులు 219 దగ్గరే ఉంది, ఫ్రీజ్ మళ్లీ రాలేదు. బోర్డ్‌కి ఏమీ కాలేదు.

5. రైజెన్ వాళ్లు ఇది కూడా చూడండి

అన్నీ కలిపి ఒకటి రెండు సెకన్లు బిగుసుకుపోయే రకం అయితే ఎఫ్‌టీపీఎం గుర్తుపెట్టుకోండి. విండోస్ 11కి టీపీఎం 2.0 తప్పనిసరి కావడంతో చాలామంది బయోస్‌లో దాన్ని ఆన్ చేశారు. కొన్ని రైజెన్ సిస్టమ్స్‌లో ఎఫ్‌టీపీఎం మదర్‌బోర్డ్ మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడేటప్పుడు పీసీ కాసేపు ఆగుతోందని ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుంది. ఏజీఈఎస్‌ఏ 1.2.0.7 ఆధారంగా వచ్చిన బయోస్‌లతో దీన్ని సరిచేసింది. మీ బయోస్ అంతకంటే పాతదైతే అప్‌డేట్ చేయండి. ఎఫ్‌టీపీఎం ఆఫ్ చేయడం మంచి దారి కాదు, విండోస్ 11లో వాలరెంట్‌కి అది కావాలి. అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, రికవరీ కీ వేరే చోట దాచుకోండి. లేకపోతే మీ డేటాకే మీరు తాళం వేసుకున్నట్టవుతుంది.

6. మిగతావి

హెచ్‌డబ్ల్యూఇన్ఫోతో గేమ్ ఆడుతూ ఉష్ణోగ్రత చూడండి. రైజెన్ 5 5600కి ఏఎండీ పెట్టిన గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. దాని అంచునే నడుస్తుంటే దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చండి. ర్యామ్ మీద అనుమానమైతే ముందు ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి చూడండి, తర్వాత మెమ్‌టెస్ట్86ని రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్‌లను విడివిడిగా టెస్ట్ చేయాలి. సౌండ్ గర్ర్‌మంటుంటే ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో లేటెన్సీమాన్ చూపిస్తుంది.

ఏది చేసినా ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, డ్రైవర్, బయోస్ మూడూ ఒకే రోజు మారిస్తే పీసీ బాగవ్వచ్చు, కానీ ఏది పనిచేసిందో తెలియదు. రోజుకోసారి వచ్చే ఫ్రీజ్ అయితే కనీసం మూడు నాలుగు రోజులు ఆగి చూశాకే తర్వాతి మార్పు చేయండి.

ఇంత చేసినా షాప్‌కి వెళ్లాల్సి వస్తే ఖాళీ చేతులతో వెళ్లకండి. ఆగిన టైమ్‌లు, ఈవెంట్ నంబర్లు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో స్క్రీన్‌షాట్ చూపించండి. బోర్డ్ పోయిందంటే ఏ టెస్ట్‌లో తేలిందో అడగండి. టెస్ట్ పేరు చెప్పలేకపోతే డబ్బులు కట్టకండి.