అందాజు, కొలత: ఇంటి రంగుల లెక్క

ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి స్థిరపడిన మాటలలో 'అందాజు' ఒకటి. దీనికి మూలమైన పారసీక పదానికి కొలత, పరిమాణము అని అర్థము. ఉర్దూలో 'అందాజా' అయి ఆ మాట లెక్కకూ ఊహకూ నడుమ నిలిచినది. తెలుగు వాడుకలోనికి వచ్చేసరికి కొలత జారిపోయి ఊహ ఒక్కటే మిగిలినది. 'అందాజుగా చెప్పు' అంటే కొలవకుండా చెప్పుమనియే మన భావము. రెండు భాషలవారు కలిసి చదువుకొనే మన విద్యార్థులకు ఈ అర్థపరిణామము ఆసక్తికరము. అయితే నేటి వ్యాసవిషయము భాషాశాస్త్రము కాదు. ఇంటికి రంగులు వేయించదలచినవారు ఎంత రంగు కొనవలెనన్నది. ఆ పనిలో మన కుటుంబాలు తరచుగా తెలుగు అర్థములోని అందాజుపైననే ఆధారపడుతున్నవి. దానివలన ఎవరు ఎక్కువ నష్టపోవుదురో చూపుట మా ఉద్దేశము. తెలుగు బోధించేవారికి ఈ లెక్కలతో పనియేమని గణితశాఖలోని మిత్రులు నవ్వవచ్చును. ఇందులో ఉన్నదంతా హైస్కూలు లెక్కయే.

మన పెద్దలకు ఈ చిక్కు అంతగా లేదు. గోడలకు సున్నము వేసే ఇండ్లలో సున్నము ఎక్కువైతే పెరటిగోడకో చెట్ల మొదళ్ళకో సరిపోయేది. తక్కువైతే మరికొంత నానబెట్టేవారు. సున్నపు పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తిరిగి సున్నపురాయిగా మారి గట్టిపడుతుంది. ఒకనాటి తెలుపు మరునాటి తెలుపుతో పెద్దగా పేచీ పడదు. ఎమల్షన్ రంగుల సంగతి వేరు. దుకాణములోని యంత్రముపై మన కోరిక మేరకు కలిపించుకొన్న ఛాయను సాధారణముగా తిరిగి తీసుకొనరు. నీరు కలిపిన రంగు చాలాకాలము నిలువ ఉండదు. పోనీ తక్కువ కొందమంటే, రెండవమారు తెచ్చిన డబ్బా మొదటి దానితో అచ్చముగా కలిసిపోవునన్న హామీ లేదు. పండుగకో పెండ్లికో చేబదులు తెచ్చి రంగులు వేయించే ఇంటిలో ఈ రెండు విధముల నష్టమూ చిన్నది కాదు.

రంగుల పనిలో విరివిగా వాడే ఒక సూత్రము కలదు. నేల వైశాల్యమును మూడున్నరతో గుణించుము. గోడలు, పైకప్పు కలిపి రంగు వేయవలసిన వైశాల్యము వచ్చును. వినడానికి ఎంతో సులభము. దీనిని పరీక్షించి చూతము. గది ఎత్తు 10 అడుగులు అనుకొందము. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల హాలులో చుట్టుకొలత 70 అడుగులు. నాలుగు గోడలు 700 చదరపు అడుగులు, పైకప్పు 300, మొత్తము 1000. సూత్రము చెప్పేది 1050. ఫరవాలేదు. ఇప్పుడు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిని తీసుకొందము. చుట్టుకొలత 44, గోడలు 440, పైకప్పు 120, మొత్తము 560. సూత్రము చెప్పేది 420 మాత్రమే. అనగా నాలుగవ వంతు తక్కువ. 10 అడుగులు, 8 అడుగుల గదిలోనైతే ఉన్నది 440, సూత్రము చూపేది 280. మూడవ వంతుకు పైగా లోటు!

కారణము కష్టమైనది కాదు. గది చిన్నదైన కొలది నేల తగ్గినంత వేగముగా గోడలు తగ్గవు. పొడవు, వెడల్పు రెండూ సగము చేస్తే నేల నాలుగవ వంతు అవుతుంది. గోడలు సగమే అవుతవి. పది అడుగుల ఎత్తులో ఈ మూడున్నర సరిగ్గా సరిపోయే చతురస్రపు గది ఏదని లెక్కించితే, భుజము 16 అడుగులని తేలినది: గోడలు 640, పైకప్పు 256, మొత్తము 896, 256ను మూడున్నరతో గుణించినా 896. కాని పాత బస్తీల సందులలో, అద్దె వాటాలలో పదహారు అడుగుల గదులు ఎన్ని కనబడును? రెండు గదులు, ఒక వంటిల్లు గల కుటుంబము ఈ సూత్రమును నమ్మితే పని నడుమనే డబ్బా అడుగంటుతుంది. ఇందులో మేస్త్రీ మోసమేమియు లేదు. తలుపులు, కిటికీలు తీసివేస్తే సరిపోవునని ఆయన అనవచ్చును గాని, ఒక తలుపు, ఒక కిటికీ తీసివేసినంత మాత్రమున పై గదిలోని 140 అడుగుల లోటు తీరదు.

కావున టేపు పట్టి గది గదికీ కొలవవలెను. పొడవు వెడల్పులను కూడి, రెట్టించి, ఎత్తుతో గుణించిన నాలుగు గోడలు. మన 12, 10 అడుగుల గదిలో 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు తలుపునకు 21, నాలుగడుగుల చదరపు కిటికీకి 16 తీసివేయుదము. గోడలో గూడు ఉంటే దానిని తీసివేయరాదు, సరికదా కలుపవలెను: రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, అడుగు లోతు గల గూటి వెనుకభాగము దాని నోటితో సమానము; ప్రక్కలు, పైన, క్రింద కలిపి మరి 10 చదరపు అడుగులు వచ్చును. మిగిలినది 413. చిన్న చిన్న రంధ్రముల గూర్చి తల బ్రద్దలు కొట్టుకొననక్కరలేదు. కట్టడపు పనుల కొలతకు ఏర్పడిన భారతీయ ప్రమాణము, ఐ.ఎస్. 1200, వెల్ల, రంగు పనులలో అర చదరపు మీటరునకు మించని ఖాళీలను తీసివేయనే తీసివేయదు. తలుపు రంగు మాత్రము వేరు లెక్క. పలకలు కూర్చిన తలుపునకు అంచులు, పల్లములు ఉండుటచేత ఒక్కొక్క ప్రక్కను ఒకటిం ముప్పాతిక వంతు కాదు, 1.3 రెట్లుగా లెక్కింతురు. ఆ 21 అడుగుల తలుపు రెండు ప్రక్కలకు కలిసి దాదాపు 55 అవుతుంది.

ఇక లీటర్ల విషయము. రంగు పూత అనగా మిక్కిలి పలుచని పలక వంటిది. వైశాల్యమును మందముతో గుణిస్తే ఘనపరిమాణము. ఒక లీటరును పది చదరపు మీటర్లపై, అంటే సుమారు 108 చదరపు అడుగులపై పరచితే తడి పూత మందము మిల్లీమీటరులో పదవ వంతు. అందులో నీరు ఎగిరిపోగా మిగిలేదే మనకు దక్కే రంగు. ఇంతకంటె సాగదీసి ఇన్ని అడుగులు వచ్చునని ఎవరైన గొప్పగా చెప్పితే, పూత అంత పలుచనైనదని గ్రహించవలెను. లప్పము పెట్టి, ప్రైమరు వేసిన నునుపు గోడపై రెండు పూతలకు లీటరునకు సుమారు 100 నుండి 140 చదరపు అడుగులు రావచ్చును. నడిమి లెక్క 120 అనుకొంటే, మన గది గోడలకు మూడున్నర లీటర్లకు కొద్ది తక్కువ. 4 లీటర్ల డబ్బా చాలును. గోడ గరుకై 100 మాత్రమే వస్తే అదే డబ్బా చాలదు. పైకప్పు తెలుపునకు ఒక లీటరు వేరు.

గోడ దాహమెంతో ముందే తెలిసికొనుటకు మార్గము ప్రైమరే. కొలిచిన ఒక గోడకు ప్రైమరు ఎంత పట్టినదో గుర్తుంచుకొంటే, డబ్బాపై వ్రాసిన దానికంటె అది ఎక్కువ త్రాగితే, రంగులోను పెంపు వేసికొనవచ్చును. పాత సున్నము పొరలు గోకకుండ పైన ఎమల్షన్ వేయించితే ఏ లెక్కయు నిలువదు. పొట్టు లేచి రంగుతో సహా ఊడివచ్చును.

కొనునప్పుడు ఒక ఛాయకు కావలసినదంతయు ఒక్కసారిగా కలిపించుకొని, డబ్బాలు రెండు మూడైతే వాటిని పెద్ద బక్కెట్టులో కలిపి పిమ్మట కుంచె ముంచుట మేలు. ఎమల్షన్ సాధారణముగా 1, 4, 10, 20 లీటర్ల డబ్బాలలో దొరకును. 4 పైన చిల్లర కావలసినచో మరొక 4 కొనక లీటరు డబ్బాలు తీసికొనవలెను. మిగిలిన కొద్దిపాటి రంగును నీరు కలుపక ముందే చిన్న డబ్బాలో గట్టిగా మూసి, పైన గది పేరు, ఛాయ సంఖ్య వ్రాసి ఉంచితే, మేకులు కొట్టిన చోట్లకు మరుసటి ఏడు పనికి వచ్చును.